జరీ అంచు విమానం

ఎస్సెల్సీ లెక్కల పరీక్షలో మేం ముగ్గురం ఒకేసారి తప్పాం. అనంతపురంలో ఒకే హాస్టల్లో, ఒకే గదిలో పడుకుని, ఒకే నోట్సు చూసి చదివినవాళ్ళం. తప్పడంలో మాత్రం తేడా ఎట్లా వస్తుంది? నాది హిందూపురం. మిగతా ఇద్దరిలో ఒకడిది పెనుకొండ, ఒకడిది ధర్మవరం. హాస్టల్లో ఎవరినైనా ఊరి పేరుతోనే పిలిచేవాళ్ళు. "ఒరే ధర్మవరం, నీ సబ్బియ్యి", "ఒరే పెనుకొండా, లైటార్పు" అని. ఇక్కడా ఆ పద్ధతే పాటిస్తాను. వాళ్ళకిప్పుడు మనవళ్ళున్నారు. మనవళ్ళ ముందు తాతలకు కాస్త పరువుండాలి.

ఫలితాలు వచ్చాక ముగ్గురం మూట కట్టుకుని ఇళ్ళకు చేరాం. మా ముగ్గురి నాయనలూ అప్పటికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నవాళ్ళు కారు. అయినా కూడబలుక్కున్నట్టు ఒకే తీర్పు చెప్పారు. తమ కొడుకు మంచివాడు, తక్కిన ఇద్దరే వాణ్ణి చెడగొట్టారు. మా నాయనకు హిందూపురం బజార్లో బెల్లం, చింతపండు మండీ ఉండేది. కోపం ముదిరితే కన్నడంలోకి దిగేవాడు. ఆ రోజు మాత్రం నాకు బాగా అర్థం కావాలని తెలుగులోనే చెప్పాడు.

"ఆ ఇద్దరి మొగం చూసినావంటే కాళ్ళు ఇరగ్గొడతా. తెలిసిందా?"

తెలిసింది. మూడూళ్ళూ ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి ముందే ధర్మవరంలో దిగొచ్చు. కానీ మొహాలు చూసుకోవద్దన్నారు. కార్డులు రాసుకోవద్దని ఎవరూ అనలేదు. ముగ్గురు నాయనలకూ ఆ ఆలోచన రాలేదు.

మండీలో పొట్లాలు కట్టడానికి బెంగళూరు నుంచి పాత కాగితాల కట్టలు వచ్చేవి. గుమాస్తా లేనప్పుడు నేను కూర్చుని చింతపండు చుట్టేవాణ్ణి. ఒకనాడు ఆ కట్టలో ఒక ఇంగ్లీషు పత్రిక పేజీ దొరికింది. దాని మీద ఒక విమానం బొమ్మ గీతలతో విడదీసి ఉంది. ఒళ్ళు, రెక్కలు, తోక వేటికవి వేరుగా, పక్కన అంకెలు. అసలు విమానాన్ని ఇంట్లో పట్టేటంత చిన్నగా, ఎక్కడికక్కడ కొలత తప్పకుండా చేసి, రబ్బరు మెలిపెట్టి ఎగరేయడం ఎట్లాగో అందులో రాశారు. నాకు ఇంగ్లీషు అంత బాగా రాదు. 'సిల్కు' అన్న మాట మాత్రం డిక్షనరీ లేకుండానే తెలిసింది. రెక్కల మీద సిల్కు కప్పాలట.

సిల్కంటే ధర్మవరం. వాళ్ళింట్లో మగ్గాల మీద పట్టుచీరలు నేసేవాళ్ళు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేం ముగ్గురం అప్పటిదాకా విమానాన్ని కింది నుంచే చూశాం, అదీ బెంగళూరు వైపు పోతున్న చుక్కలాగా. దాని వీపు ఎట్లా ఉంటుందో మాకు తెలియదు. అయినా మేమే చెయ్యాలనిపించింది.

మరునాడు ఆ పేజీని కత్తెరతో మూడు ముక్కలు చేశాను. ఒళ్ళు నా దగ్గర పెట్టుకున్నాను. రెక్కలు ధర్మవరానికి పంపాను. తోక పెనుకొండకు పంపాను.

ధర్మవరం వెంటనే సరేనన్నాడు. పెనుకొండ నుంచి మంటతో కార్డు వచ్చింది. "మీరిద్దరూ ఒళ్ళూ రెక్కలూ పంచుకుని నాకు తోక పారేస్తారా? నేనేం మీ ఇంటి కుక్కనా?" తోక లేకపోతే విమానం తలకిందులవుతుందనీ, అన్నిటికంటే బాధ్యత గల పని తోకదేననీ నేను ఒక కార్డు నిండా రాసి పంపాను. నిజానికి అప్పటికి ఆ సంగతి నాకూ తెలియదు. వాణ్ణి ఒప్పించడానికి రాసింది తర్వాత నిజమని తేలింది.

నేను ఒళ్ళు మొదలుపెట్టాను. ఆ పేజీలో చెప్పిన కలప పేరు మా వడ్రంగి జన్మలో వినలేదట. రైలు కట్ట పక్కన కంచెగా ముళ్ళ మట్టల కిత్తనార పెరిగేది. దాని నడుమ నుంచి నిలువుగా లేచే కాడ ఎండితే బెండులా తేలిగ్గా ఉంటుంది. ఒక కాడ నరుక్కొచ్చి, కత్తిపీటతో చెక్కి, చింతగింజల జిగురుతో అతికాను. ముందు భాగంలో కర్ర పంకా పెట్టి, దానికి సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు తగిలించాను. మా అవ్వ రోజూ వచ్చి చూసేది.

"రేయ్, ఇది చేపనా?"

"విమానం అవ్వా."

"విమానమా! నీ మొగానికి లెక్కలే రావు గదరా."

మాకు ఉత్తరాలు తెచ్చే పోస్టుమ్యాను మంచివాడు. పనిమీద శ్రద్ధ కాస్త ఎక్కువ. కార్డు ఇచ్చేముందు తాను చదివి, ఇచ్చాక తన అభిప్రాయం చెప్పేవాడు. అప్పట్లో కార్డు మీద రాసింది ఊరందరి సొత్తే. ఒకనాడు వీధి మొదట్లోంచే కేకేశాడు.

"ఏమబ్బా, పెనుకొండోడు తోక పంపినాడంట! జాగర్తగా చూసుకోమన్నాడు!"

వీధిలో అరుగుల మీద కూర్చున్నవాళ్ళందరూ నా వెనకవైపు చూశారు.

పార్సిలు విప్పితే లోపల బల్లి తోకంత తోక ఉంది. పని మాత్రం బ్రహ్మాండం. నున్నగా గీకి, అంచులు గుండ్రంగా చేశాడు. నా విమానం ఒళ్ళు పక్కన పెడితే ఎద్దుకు ఎలుక తోక అతికించినట్టు ఉంది. సంగతేమంటే, అవి మీటర్లూ సెంటీమీటర్లూ కొత్తగా వచ్చిన రోజులు. మా కాగితం మీద అంకెలున్నాయి గానీ అవి అంగుళాలా, సెంటీమీటర్లా అన్నది లేదు. ఆ ముక్క రాసిన పేజీ మా మండీలోంచి ఎప్పుడో చింతపండు చుట్టుకుని ఎవరింటికో పోయుంటుంది. నేనూ ధర్మవరంవాడూ పాత స్కేలుతో కొలిచాం. పెనుకొండవాడు కొత్త స్కేలుతో కొలిచాడు.

నేను నాలుగు మాటలు గట్టిగానే రాశాను. వాడి జవాబు పోస్టుమ్యాను నాకు చదివి వినిపించాడు. "సర్కారు సెంటీమీటర్లు వాడమంటాండాది. నేను సర్కారు మాట విన్నాను. మీరే ముసిలోళ్ళు. కావాలంటే మీ విమానాన్ని చిన్నగా చేసుకోండి."

"పాయింటే గదబ్బా," అన్నాడు పోస్టుమ్యాను.

ఈ లోపల లెక్కల పరీక్ష మళ్ళీ రాశాం. మళ్ళీ తప్పాం. ఈసారి ఎవరూళ్ళో వాళ్ళం, ఎవరి మొహం ఎవరూ చూడకుండా చదివి తప్పాం. దాంతో నాయనల సిద్ధాంతం కాస్త బలహీనపడాలి. కానీ వాళ్ళు దాన్ని వదల్లేదు. మునుపు పట్టిన చెడు ఇంకా వదల్లేదన్నారు.

వేరుశనగ కోతలు ముగిసిన రోజుల్లో ధర్మవరం నుంచి రెక్కలు వచ్చాయి. నేను ఇంట్లో లేను. పోస్టుమ్యాను పొడుగాటి పార్సిలు తీసుకెళ్ళి మండీలో నాయన చేతికిచ్చాడు. నాయన ఎక్కణ్ణుంచి వచ్చిందో చూశాడు. ధర్మవరం. కుట్లు విప్పాడు. లోపల మెరుస్తున్న చిలకపచ్చ పట్టు, దానికి ఎర్రటి జరీ అంచు.

నేను ఇంటికి వచ్చేసరికి నాయన, అవ్వ, ఆ రెండు రెక్కలూ నడింట్లో నాకోసం కాచుకుని ఉన్నారు.

"ఎవుర్రా ఆ పిల్ల?" అన్నాడు నాయన.

"ఏ పిల్ల నాయనా?"

"ధర్మవరంలో పట్టుచీర తెప్పించినావు. ఎవరికీ చెప్పకుండా పెండ్లి చేసుకుంటాండావా?"

అవ్వ అప్పటికే రెక్కను తిప్పి తిప్పి చూస్తోంది. "పెండ్లికూతురు ఎంతుంటాదిరా? ఈ చీర నా ముంజేతికి కూడా సాలదు. లోపల పుల్లలు కూడా పెట్టినారే."

విమానం రెక్కలని చెప్పాను. నాయన నమ్మలేదు. విమానం ఒళ్ళు తెచ్చి చూపించాను. ఇంకా నమ్మలేదు. విమానానికి జరీ అంచు ఎందుకుంటుందని అడిగాడు. అంచు సంగతి నాకూ అప్పుడే తెలిసింది. ఆ తర్వాత నాయన కన్నడంలోకి దిగాడు. చాలాసేపు ఆ భాషలోనే ఉన్నాడు. చివరికి తెలుగులో ఒక్క మాటన్నాడు.

"రేపు పొద్దున్నే బండికి ధర్మవరం పోతాండాం. ఆ పిల్ల నాయనతో నేను మాట్లాడతా."

మరునాడు నేను విమానం ఒళ్ళు, తోక ఒళ్ళో పెట్టుకుని, నాయన రెక్కలు చంకలో పెట్టుకుని రైలెక్కాం. ధర్మవరంలో పార్సిలు మీదున్న అడ్రసు పట్టుకుని మా వాడి ఇల్లు వెతుక్కుంటూ పోతే, వాళ్ళ నాయన గుంటమగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. మా నాయన చెప్పులు విప్పి, లోపలికి పోయి, రెక్కలను ఆయన ముందున్న పడుగు దారాల మీద పెట్టాడు.

"ఏమన్నా, నీ కూతురికీ మావానికీ ఏం సమ్మందం?"

ఆయన రెక్కలను చూశాడు, మా నాయనను చూశాడు. "నాకు కూతురే లేదు గదన్నా," అన్నాడు నెమ్మదిగా.

రైల్లో వస్తూ మా నాయన తయారు చేసుకున్న మాటలన్నీ కూతురి మీదే. ఇప్పుడు అవి ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

అప్పుడు ఆ ఇంటాయన చూపు పట్టు మీద పడింది. రంగు గుర్తుపట్టాడు. "రేయ్!" అని కేకేశాడు. మా ధర్మవరంవాడు పక్క మగ్గం వెనకనుంచి తల మాత్రం పైకెత్తాడు. వాడు నోరు విప్పేలోపల వంటింట్లోంచి వాళ్ళవ్వ వచ్చింది.

"వాన్నెందుకు అరుస్తావు? గుడ్డ నేనే ఇచ్చినా. పనికిరాకుండా పోయిన చీరలో మిగిలిన ముక్క అది. అంచు కూడా నేనే కుట్టినా."

"విమానానికి అంచెందుకమ్మా?" అన్నాడు ఇంటాయన.

"అంచు లేని గుడ్డ మనింట్లోనించి బయటికి పోతే నలుగురూ ఏమనుకుంటారు? కుడి రెక్కకు పెద్దంచు ఏసినా, ఎడమ రెక్కకు చిన్నంచు ఏసినా. చీరకు ఎట్లుంటాదో అట్లనే."

తన చేతి పనిని ఎవరైనా ఒక మాటంటారేమోనని ఆమె కాసేపు నిలబడింది. మజ్జిగ తెస్తానని లోపలికి పోయింది.

మజ్జిగ తాగాక నాయనలిద్దరూ కొట్లాటకు దిగారు. నీ కొడుకే మావాణ్ణి చెడగొట్టాడని ఆయన, నీ కొడుకే అని మా నాయన. కాసేపటికి ఇద్దరికీ గొంతు ఎండింది. అప్పుడు ఎవరు ముందన్నారో గుర్తు లేదు గానీ, ఆ పెనుకొండవాడున్నాడు కదా అన్నారు. ఇద్దరి మొహాలూ తేటపడ్డాయి. చెడగొట్టింది పెనుకొండవాడే. ఇద్దరు మంచివాళ్ళను ఒక్కడే చెడగొట్టాడు. లెక్క చక్కగా సరిపోయింది. ఆ లెక్క మా పరీక్షలో ఇచ్చుంటే మేమూ పాసయ్యేవాళ్ళం.

నలుగురం కలిసి పెనుకొండ బండెక్కాం. నాయనలిద్దరూ ఒక బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, అప్పుడే పట్టుకీ బెల్లానికీ ధరలెట్లా ఉన్నాయో మాట్లాడుకుంటున్నారు. ఎదురు బెంచీ మీద మేమిద్దరం విమానం ఒళ్ళో పెట్టుకుని చెరో వైపు చూస్తూ కూర్చున్నాం. మొహాలు చూసుకోకూడదు కదా. కిటికీలోంచి కంచెలు చూస్తూ వాడు నెమ్మదిగా అడిగాడు.

"తోక నిజంగా అంత చిన్నదా?"

చూపించాను. నవ్వు ఆపుకోలేక వాడు తల బయట పెట్టేశాడు.

పెనుకొండ కోట గుట్ట కింద వాళ్ళకు పొలం ఉంది. మేం పోయేసరికి మావాడి నాయన కళ్ళంలో వేరుశనగ కాయలు ఎండబోస్తున్నాడు. కొడుకు గోనెసంచి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. మమ్మల్ని చూడగానే సంచి వదిలేశాడు. కాయలు కుప్పగా కాళ్ళమీద పడ్డాయి.

మా నాయన, ధర్మవరం నాయన ఒకరి మాట ఒకరు అందుకుంటూ నేరమంతా చెప్పారు. ఆ రైతు తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"మావాడు మీ ఇద్దరు కొడుకులనూ చెడగొట్టినాడా?"

"ఔ."

"వానికంత తెలివి యాడిదన్నా? ఎద్దుకు కుడితి పెట్టమంటే దూడకు పెడతాడు." ఆ మాట ఆయన బాధగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు. తర్వాత వంగి నా చేతిలోని విమానం ఒంటిని వేలితో మీటి చూశాడు. "ఇది ఎగుర్తాదా?"

ఇన్ని నెలల్లో, ఇన్ని కార్డుల్లో, మూడూళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మేం కూడా.

"చూద్దాం పాండ్రి," అన్నాడాయన.

కళ్ళంలో చాప పరిచి మేం ముగ్గురం విమానాన్ని మొదటిసారి ఒకచోట చేర్చాం. ధర్మవరం నాయన చూస్తూ ఊరుకోలేకపోయాడు. రెక్కలు కట్టడానికి మేం వాడుతున్న పురికొస లాగేసి, జేబులోంచి పట్టు దారం తీసి తానే ముడులు వేశాడు. రబ్బరు మెలిపెట్టి పెనుకొండవాడు విసిరాడు. విమానం ముక్కు కిందికి పెట్టి తిన్నగా కాయల కుప్పలో గుచ్చుకుంది.

"తోక సాలదు," అన్నాడు మా నాయన.

"మావాని తోకనేమనద్దు," అన్నాడు రైతు. కానీ ఆయనే పోయి సద్దిమూట తెచ్చాడు. అందులో రాగిసంగటి ఉంది. పెనుకొండవాడు ఇంట్లోంచి నేను రాసిన కార్డులు తెచ్చాడు. వాటిని కత్తిరించి, సంగటి ముద్దతో అతికి తోకను పెద్దది చేశాం. నేను వాణ్ణి తిట్టిన తిట్లన్నీ తోకమీద చక్కగా కనిపిస్తున్నాయి. సంగటి గట్టిపడేదాకా ఎండలో పెట్టి, ఆరుగురం దాని చుట్టూ కూర్చున్నాం. మిగిలిన సంగటి తలా ఒక ముద్ద తిన్నాం.

రెండోసారి నేను విసిరాను. అది లేచింది. అది లేవడం మాలో ఎవరూ ఊహించలేదు. కళ్ళం దాటి, కంచె దాటి పైకి పోయింది. చిలకపచ్చ రెక్కలు ఎండలో మెరిశాయి. కుడి రెక్కకు పెద్దంచు బరువు కాబట్టి అది కుడివైపుకు ఒరిగి, పెద్ద వలయం తిరిగి, మళ్ళీ మా వైపే వచ్చి, మా తలల మీదుగా పోయి జొన్న చొప్ప మీద మెత్తగా వాలింది.

"ఎనిక్కి వచ్చెనే!" అన్నాడు మా నాయన. ఆయన గొంతు అట్లా ఉండగా నేనెన్నడూ వినలేదు. "రమ్మంటే వచ్చినట్ల వచ్చెనే! ఎట్ల చేసినార్రా?"

అంచు వల్ల అని మేం చెప్పలేదు. ముందే అట్లా లెక్క కట్టామన్నట్టు నిలబడ్డాం. నా జీవితంలో లెక్కల్లో నాకు దక్కిన గౌరవం అదొక్కటే.

ఆ తర్వాత విమానం మా చేతికి రాలేదు. మొదట రైతు విసిరాడు. తర్వాత ధర్మవరం నాయన విసిరాడు. ఇంకా దూరం పోవాలంటే రబ్బరు ఇంకా మెలిపెట్టాలని మా నాయన అన్నాడు. మెలిపెట్టాడు. చాలు నాయనా అన్నాను. "నీకేం తెలుసురా" అని ఇంకా మెలిపెట్టాడు. టప్పుమని పగిలింది. కిత్తనార ఒళ్ళు నిలువునా చీలి, పంకా ఎగిరి కాయల్లో పడింది. నాయన చేతిలో రబ్బరు ముక్క మిగిలింది.

ముగ్గురు పెద్దమనుషులూ తప్పు చేసిన పిల్లల్లా ఒకరి వెనక ఒకరు నక్కారు. తిట్టాలని మా ముగ్గురికీ చాలా ఉంది గానీ, అవకాశం ఇంత పెద్దదైతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

"బాగు చేద్దాం లెండి," అన్నాడు రైతు చివరికి, మా మొహాలు చూడకుండా. "ఒళ్ళు ఈయన తీసుకోని పోనీ. రెక్కలు ఆయన. తోక ఈడనే ఉండనీ."

అట్లా విమానం మళ్ళీ మూడు ముక్కలై మూడూళ్ళకు పోయింది. ఈసారి పోస్టులో తిరిగింది నాయనల విమానం. మేం రాతగాళ్ళం మాత్రమే. నాయన మండీలో దిండుకు ఆనుకుని చెప్పేవాడు. "రాయిరా. ధర్మవరమన్నకు నమస్కారాలు. రెక్క ఇంకా రెండు జానలు పొడుగుండాల. పట్టు గట్టిది పెట్టల్ల. దుడ్ల గురించి ఆలోచన చెయ్యద్దు." అటునుంచి మా ధర్మవరంవాడి దస్తూరీతో వాళ్ళ నాయన జవాబు వచ్చేది. కింద చిన్న అక్షరాలతో మావాడి సొంత మాట ఒకటి. "మానాయన పని మానేసి దీని మీదే ఉండాడు. నువ్వే ఏమన్నా చెప్పు."

వాళ్ళ విమానం పెద్దదయింది. బలమైనదయింది. రెండు రెక్కలకూ పెద్దంచే వేశారు. ఒకనాడు ముగ్గురు నాయనలూ హిందూపురంలో కలుసుకుని, సంత ముగిశాక బజారు మైదానంలో దాన్ని ఎగరేయడానికి తెచ్చారు. మమ్మల్ని దూరంగా నిలబడమన్నారు. నాయన విసిరాడు. అది లేవలేదు, పడనూ లేదు. తిన్నగా పోయి, బెల్లం దించి ఎక్కడో దూరానున్న అమరాపురానికి తిరిగి పోతున్న ఎద్దుల బండిలో గడ్డి మీద కూర్చుంది. బండివాడు ముందుకు తిరిగి బీడీ వెలిగించుకుంటున్నాడు. ఎద్దులు నడుస్తూనే ఉన్నాయి.

"రేయ్, పరిగెత్తండ్రా!" అన్నాడు రైతు.

మేం ముగ్గురం కదల్లేదు. పరిగెత్తాలనిపించలేదు. బండి మలుపు తిరిగింది. నాయన చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఆ మలుపు వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత పంచె దులుపుకుని పక్కనున్న ఇద్దరినీ చూశాడు.

"అమరాపురం దాకా పోతాండాది గదప్పా," అన్నాడు. "ఇంకేం కావల్ల!"